వకీళ్లు రాసిన తెలంగాణ – 6 : గస్తీలే గవాయిలు

కిందటి భాగంలో గోలకొండ పత్రిక పుట్టుక చెప్పుకొన్నాం. 1926 మే 10న ఆ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రం చదివినవాడు. మరుసటి ఏడు ఉర్దూలో రయ్యత్ నడిపిన మందుముల నరసింగరావు వకీలు. బూర్గుల రామకృష్ణారావు వకీలు, కొండా వెంకట రంగారెడ్డి వకీలు. ఈ వరసకంతా పెద్ద మాడపాటి హనుమంతరావు. ఒక్క తరంలో ఇంతమంది నల్లకోటువాళ్లు కలం పట్టడానికి ఏదో ఒక కారణం ఉండాలి. చదువుకున్నవాడికి సర్కారు నౌకరీ, వకాలత్ తప్ప వేరే దారి లేని కాలమది అనేది ఒక జవాబు. అది నిజమే, కానీ సగమే నిజం. చదువుకున్నవాళ్లు వకీళ్లెందుకయ్యారో అది చెబుతుంది, వకీళ్లు రచయితలెందుకయ్యారో చెప్పదు. ఆ రెండో సగం మాడపాటి పుస్తకాల్లో దొరుకుతుంది. ఆయన తెలంగాణా ఆంధ్రోద్యమమును అందరూ ఉద్యమ చరిత్ర అంటారు. చరిత్రకన్నా ముందు అదొక మిసిల్ అని నా వాదన. కచేరీలో గుమాస్తా దారంతో కుట్టి ఉంచే కాగితాల కట్ట లాంటిది. దాన్ని అలా చదివితేనే దాని బలమూ తెలుస్తుంది, దాని లోపమూ తెలుస్తుంది.

వకీలు కోర్టు వ్యవహారాన్ని జనం చదివే పుస్తకంగా మార్చడం మన దగ్గర కొత్తగా పుట్టిన పని కాదు. అమెరికాలో దేశం ఏర్పడిన తొలి రోజుల్లోనే అదొక వృత్తిగా నిలబడింది. 1800లో న్యూయార్కులో లెవీ వీక్స్ అనే యువకుడి మీద హత్యానేరం విచారణ జరిగింది. అతని పక్షాన వాదించినవారిలో అలెగ్జాండర్ హామిల్టన్, ఆరన్ బర్ ఇద్దరూ ఉన్నారు. ఆ విచారణను విలియం కోల్మన్ అనే వకీలు దాదాపు మాటకు మాటగా రాసుకుని అచ్చు వేశాడు. ఏడేళ్ల తర్వాత అదే బర్ రాజద్రోహ నేరంపై రిచ్మండులో ముద్దాయిగా నిలబడ్డాడు. ఆ విచారణను డేవిడ్ రాబర్ట్‌సన్ అనే మరో వకీలు సంక్షిప్త లిపిలో పట్టుకుని 1808లో రెండు సంపుటాలుగా తెచ్చాడు. వీళ్లిద్దరికన్నా మనకు పనికొచ్చేవాడు విలియం సాంప్సన్. ఐర్లండులో బ్రిటిష్ ప్రభుత్వానికి ఎదురు తిరిగి, జైలూ ప్రవాసమూ అనుభవించి, 1806లో న్యూయార్కు చేరినవాడు. తాను వాదించిన కేసులను తానే రాసి పుస్తకాలు వేశాడు. చెప్పులు కుట్టే కూలీలు జట్టుకట్టి కూలి పెంచమన్నందుకు వాళ్ల మీద కుట్ర కేసు పెట్టారు. ఆ కేసు పుస్తకం 1810లో వచ్చింది. పాపం ఒప్పుకోలులో విన్న మాటను కోర్టులో చెప్పనన్న ఒక కాథలిక్ పూజారి కేసు 1813లో వచ్చింది. 1819లో వచ్చినదాని పేరు మరీ వింత: తిమింగిలం చేపేనా?

ఆ తిమింగిలం కేసు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన కథకు తాళంచెవి అక్కడే ఉంది. న్యూయార్కు రాష్ట్రం చేప నూనెను సర్కారు తనిఖీదారు పరీక్షించాలని, దానికి రుసుము కట్టాలని చట్టం చేసింది. తిమింగిలం నూనె పీపాలు కొన్న శామ్యూల్ జడ్ అనే వ్యాపారి, తిమింగిలం చేపే కాదు కనుక రుసుము కట్టనన్నాడు. తనిఖీదారు మారిస్ దావా వేశాడు. శామ్యూల్ మిచిల్ అనే పేరుమోసిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు బోనెక్కి, తిమింగిలం చేప కాదని సాక్ష్యం చెప్పాడు. ఓడల వాళ్లు, నూనె వర్తకులు కూడా బోనెక్కి తలా ఒక మాట చెప్పారు. మారిస్ తరఫున వాదించిన సాంప్సన్ గెలిచాడు. జ్యూరీ తిమింగిలం చేపేనని తేల్చేసింది. అయినా 1819లోనే చట్టసభ ఆ చట్టాన్ని సవరించి తిమింగిలం నూనెను రుసుము నుంచి తప్పించింది. సాంప్సన్ పుస్తకం చదివినవాడికి జడ్ గెలిచాడా ఓడాడా అన్నది గుర్తుండదు. చట్టంలో ఒక్క మాటను సర్కారు ఎలా సాగదీస్తుందో, ఆ సాగదీసిన మాట ఎవరి పీపా మీద పడుతుందో గుర్తుండిపోతుంది. పన్ను గొడవలన్నీ చివరికి మాటల గొడవలే. ఆ మాటలను జనం ముందు పరిచి చూపేవాడు ఒకడు కావాలి.

హైదరాబాదు సంస్థానంలో ఆ పని ఇంకా కష్టం. న్యూయార్కులో కోర్టు భాష, బజారు భాష ఒక్కటే. ఇక్కడ 19వ శతాబ్దం చివరి పాదంలో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది. ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడే తెలుగు కచేరీ గడప లోపలికి రాలేదు. సర్కారు గెజెటు జరీదాలో అచ్చయిన గస్తీ (ఉత్తర్వు), తాలూకా కచేరీలో ఫైసలా, పట్వారీ దఫ్తరంలో లెక్క అన్నీ రైతుకు ఇంకొకరు చదివి చెప్పాల్సినవే. చదివి చెప్పేవాడు ఎవడు? చాలాసార్లు ఆ గస్తీ ఎవరిని అదుపు చేయడానికి వచ్చిందో వాడే. వెట్టి తీసుకోకూడదన్న ఉత్తర్వును వెట్టి తీసుకునే పట్వారీయే చదివి చెప్పాలంటే ఏం చెబుతాడు? చట్టం ఉండటమూ, చట్టం ఉందని తెలియడమూ రెండు వేరువేరు సంగతులైన రాజ్యం అది. వకీలు ఆ రెండింటి నడుమ నిలబడ్డాడు. ఉర్దూ చదవగలడు, తెలుగులో చెప్పగలడు, పట్వారీకి భయపడడు. తెలంగాణలో వకీలు రచయిత కావడానికి అసలు కారణం ఇదే. అతను చెప్పే వార్త మరెవరి దగ్గరా దొరకదు.

మాడపాటి జీవితం ఈ నడుమ దారిలోనే గడిచింది. 1885లో కృష్ణా జిల్లా వైపు పుట్టాడు, సూర్యాపేటలో మేనమామ ఇంట పెరిగాడు, హనుమకొండలో చదివి అక్కడే విద్యాశాఖ కచేరీలో గుమాస్తాగా చేరాడు. కాశిబుగ్గ నుంచి హనుమకొండ వైపు రోజూ పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసో గాని, తెలంగాణ గ్రంథాలయోద్యమపు తొలి మజిలీల్లో ఒకటైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో అక్కడ మొలిచింది. దాన్ని నిలబెట్టిన చేతుల్లో ఈ గుమాస్తా చేయి ఒకటి. 1912 ప్రాంతంలో హైదరాబాదు వెళ్లి సర్కారు న్యాయశాఖలో అనువాదకుడయ్యాడు. 1917లో వకీలు పరీక్ష గెలిచి నౌకరీ వదిలేశాడు. జీవితచరిత్రలు ఈ అనువాదకుడి ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా లెక్కలో ఆయన రచనలన్నిటికీ అదే బడి. చట్టాన్ని పదం పదంగా తెలుగు చేసే మనిషికి సర్కారు ఏం మాటిచ్చిందో, ఎక్కడ మెలిక పెట్టిందో, ఏ పదం దగ్గర జారుకుందో తెలిసినంతగా ఉద్యమ వక్తకు తెలియదు. తర్వాతి కాలంలో ఆయన సర్కారును నిలదీసినప్పుడల్లా బయటివాడి కోపం కనిపించదు. ఈ కాగితం నేనెరుగుదును అన్న ధీమా కనిపిస్తుంది.

అప్పటికే ఆయన కథకుడు, అనువాదకుడు కూడా. మల్లికాగుచ్ఛము కథలు, రోమను సామ్రాజ్యము, క్షాత్రకాలపు హింద్వార్యులు వంటి పుస్తకాలు ఆయన పేరిట ఉన్నాయి. 1912 నాటి హృదయశల్యము కథను తెలంగాణ కథకు తొలి అడుగుల్లో ఒకటిగా లెక్కించేవారున్నారు. ప్రేంచందును తెలుగువారికి మొదట్లోనే పరిచయం చేసిన ఘనతా ఆయనదే. అంటే కన్నీరు పెట్టించే వాక్యం రాయడం తెలియక ఆయన ఉద్యమ రచనల్లో ఎండు వాక్యం రాయలేదు. తెలిసీ రాయలేదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి వాదన తేలికవుతుంది.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి ఎగతాళి పట్టించారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు, మాడపాటి కార్యదర్శి అయ్యాడు. ఈ కథను ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది, మళ్లీ చెప్పను. చెప్పవలసింది ఆ సంఘం వేసిన చిన్న పుస్తకాల సంగతి. అవమానం భాష గురించి అయినా, సంఘం భాష గురించి పద్యాలు వేసి ఊరుకోలేదు. వర్తక స్వాతంత్ర్యము, మోహతర్ఫా, వెట్టిచాకిరి అనే అంశాల మీద చిన్న చిన్న పొత్తాలు వేసి పంచింది. పేర్లు చూస్తేనే అర్థమవుతుంది, ఇవి పౌరుష గీతాల పేర్లు కావు, దావా కాగితం మీద రాసే దఫాల పేర్లు.

ఒక్కొక్కటీ తీసి చూద్దాం. అధికారి దౌరాకు వచ్చాడంటే ఊళ్లో కోమటి దుకాణం మీద పడేవారు. బియ్యం, నెయ్యి, పప్పు సర్కారు ధరకు ఇవ్వాలి. ఆ ధర బజారు ధరలో ఎంత తక్కువైనా నోరెత్తరాదు, ఒక్కోసారి డబ్బులు ముట్టేవే కావు. దీనికి ఏ చట్టం ఆధారం? సంఘం వేసిన ప్రశ్న ఇదే, ఇది దారుణం కదా అని కాదు. ఆధారం లేదని తేలితే, లేదన్న మాటను సర్కారు చేతనే రాయించుకోవాలి. రాయించుకున్న దాన్ని తెలుగులో అచ్చు వేసి దుకాణంలో పెట్టాలి. అప్పుడు తహసీల్దారు బంట్రోతు వస్తే కోమటి తన ధైర్యాన్ని చూపక్కర్లేదు, కాగితం చూపితే చాలు. మోహతర్ఫా సంగతీ అంతే. మగ్గానికింత, గానుగకింత, దుకాణానికింత అని కులవృత్తుల మీద పడే పన్ను అది. పక్కనే మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దం నడిమికల్లా ఆ పన్ను ఎత్తేశారు. ఇక్కడ సాగింది. కాశిబుగ్గ, కొత్తవాడ ప్రాంతపు పాఠకుడికి దాని బరువు నేను చెప్పనక్కర్లేదు. మగ్గం ఆడినా ఆడకపోయినా మగ్గం ఉన్నందుకే పన్ను అంటే అది ఆదాయం మీద పన్ను కాదు, బతుకు మీద పన్ను. ఎవరి మీద, ఎంత, ఏ నియమం కింద అన్నది అచ్చులో ఉంటే వసూలుదారు చేతివాటానికి కాస్తయినా కట్టె అడ్డం పడుతుంది. తిమింగిలం చేపేనా అన్నంత తమాషా ప్రశ్న ఇందులో లేదు గాని, పని మాత్రం సాంప్సన్ చేసిందే.

వెట్టి గురించిన పొత్తం వీటిలో ముఖ్యమైనది. వెట్టి అంటే ఒకటా రెండా? మాదిగ, మాల చేతా, చాకలి, మంగలి, కుమ్మరి, బోయ చేతా కూలి లేకుండా చేయించుకునే పనులన్నీ వెట్టే. అధికారి సామాన్లు మోయడం, కబురు తీసుకుపోవడం, డేరా వేయడం, నీళ్లు తోడటం, కట్టెలు కొట్టడం. రైతు అయితే బండి కట్టాలి. నిజాం ప్రభుత్వం దీన్ని మెచ్చుకుంటూ ఒక్క కాగితమూ రాయలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. కాగితం మీద వెట్టి నిషిద్ధం. పని చేయించుకుంటే కూలి ఇవ్వాలని ఉత్తర్వులు ఉన్నాయి, ఫర్మానాలు ఉన్నాయి. సంఘం ఆ ఉత్తర్వులను వెతికి తీసి, తెలుగు చేసి, అచ్చు వేసి ఊళ్లకు పంపింది. వకీలు భాషలో చెబితే ఇది ఎదుటి పక్షపు దస్తావేజునే తన సాక్ష్యంగా పెట్టడం. ముద్దాయి సంతకం ఉన్న కాగితాన్ని ముద్దాయే కాదనలేడు. గస్తీలనే గవాయిలుగా బోనెక్కించిన ఈ పద్ధతి ఎంత మెత్తగా కనిపిస్తుందో అంత ఇరుకున పెడుతుంది. ఈ పొత్తం పంచినవాణ్ని పట్టుకుంటే, నిజాం ప్రభువు ఫర్మానా పంచినందుకు పట్టుకున్నామని రాసుకోవాలి కదా!

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మాడపాటి ఏ విచారణనూ మాటకు మాటగా రాయలేదు, సంక్షిప్త లిపి నేర్వలేదు, సాక్షుల ప్రశ్నోత్తరాలు ఆయన పుస్తకంలో లేవు. అలాంటివాణ్ని కోల్మన్, సాంప్సన్ పక్కన ఎలా కూర్చోబెడతారు? న్యాయమైన ప్రశ్నే. అయితే విచారణ నివేదికకు ప్రాణం ఎక్కడుందో చూడాలి. అది సంక్షిప్త లిపిలో లేదు. ఎదురెదురు పక్షాల మాటలను తేదీలతో, పేర్లతో, ఉన్నవి ఉన్నట్టుగా వరసపెట్టి, తీర్పు చెప్పే అధికారాన్ని చదివేవాడికి వదలడంలో ఉంది. హైదరాబాదు సంస్థానంలో జ్యూరీ లేదు, ప్రజలు ఎన్నుకున్న చట్టసభ లేదు. సర్కారుకూ ప్రజకూ మధ్య దావా నడిచే కోర్టే లేనప్పుడు ఉత్తరప్రత్యుత్తరమే విచారణ అయింది. సంఘం రాసిన దర్ఖాస్తు వాదన, సర్కారు ఇచ్చిన జవాబు ప్రతివాదన, వెలువడిన గస్తీ ఫైసలా. తెలంగాణా ఆంధ్రోద్యమము రెండు భాగాల్లోనూ సభల తీర్మానాలు, ప్రభుత్వంతో నడిచిన రాతకోతలు, అనుమతుల తకరార్లు ఇంత చోటు తీసుకున్నాయంటే, అది ఊకదంపుడు కాదు. ఆ పుస్తకం నడిపే విచారణ అదే.

సభల అనుమతి కథ దీనికి మంచి ఉదాహరణ. గస్తీ నిశాన్ 53 అని పేరుబడ్డ ఉత్తర్వు కింద ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టరాదు. 1930 మార్చిలో జోగిపేటలో ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ, 1931లో దేవరకొండలో బూర్గుల అధ్యక్షతన రెండోది, 1934లో ఖమ్మంలో పులిజాల వెంకటరంగారావు అధ్యక్షతన మూడోది జరిగాయి. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో సభకు మాడపాటే అధ్యక్షుడు. రెండో సభకూ మూడో సభకూ మధ్య మూడేళ్ల ఎడం ఉందని తేదీలు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. సభ జరగడమే ఒక ఫైసలా అయిన రాజ్యంలో, సభ ఎప్పుడు జరిగింది, ఎవరిని అడిగి జరిగింది అన్న వివరం అధ్యక్షోపన్యాసం కన్నా ఎక్కువ చరిత్ర చెబుతుంది. ఉపన్యాసం మరిచిపోతాం, దర్ఖాస్తు మీద పడ్డ ముద్ర మిసిల్‌లో ఉండిపోతుంది.

భయపడి మెత్తగా రాశాడు గనుకే ఎండుగా ఉందంటారు కొందరు. 1920లలో రాసిన పొత్తాలకైతే ఈ మాట కొంత వర్తిస్తుంది. రయ్యత్ పత్రికకు పట్టిన గతి అందరికీ తెలుసు, దాన్ని సర్కారు మూయించింది. కానీ తెలంగాణా ఆంధ్రోద్యమము అచ్చయింది 1949, 1950లలో. అప్పటికి 1948 సెప్టెంబరు పోలీసు చర్య జరిగిపోయింది. నిజామును తిడితే జైలు లేదు, పైగా నాలుగు చప్పట్లు దొరికే రోజులు. తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, నిన్నటిదాకా సలాములు కొట్టినవాళ్లు అందరికన్నా గట్టిగా తిట్టారు. ఆ గాలిలో కూర్చుని మాడపాటి మళ్లీ తీర్మానాలు, తేదీలు, ఉత్తర్వులే పరిచాడు. భయం పోయినా పద్ధతి పోలేదంటే అది భయం వల్ల వచ్చిన పద్ధతి కాదన్నమాట. మొదట అవసరం నేర్పి ఉండవచ్చు, తర్వాత అది ఆయన నమ్మకమైంది. నిజానికి 1949లో అలా రాయడానికే ఎక్కువ నిగ్రహం కావాలి. గెలిచిన పక్షం వకీలు ఓడిన పక్షం దస్తావేజులను చింపకుండా ఉంచడం రోజూ జరిగే పని కాదు.

ఆయన కూడా ఒక పక్షమే కదా, కార్యదర్శే చరిత్ర రాస్తే నిష్పక్షపాతం ఎక్కడిది అని ఇంకొందరు అడుగుతారు. లేదు, ఆయన నిష్పక్షపాతి కాడు. సాంప్సన్ కూడా కాడు. తాను వాదించిన కేసులనే రాశాడు, తన వాదనలకు చోటెక్కువ ఇచ్చుకున్నాడు. చెప్పులు కుట్టే కూలీల కేసులో ఆయన ఓడాడు. కూలీలకు తలా ఒక డాలరు జరిమానా, ఖర్చులు పడ్డాయి. పుస్తకంలో మాత్రం ఇంగ్లండు పాత చట్టం స్వతంత్ర దేశంలో కూలివాడి మెడకు ఎందుకు చుట్టుకోవాలన్న ప్రశ్నే గట్టిగా వినిపిస్తుంది. అయినా నేటికీ చరిత్రకారులు ఆ పుస్తకాలు తెరుస్తారు. ఎదుటి వకీలు మాట కూడా అందులో ఉండటమే కారణం. పక్షపాతం ఉన్న రచయిత ఎదుటివాడి కాగితాన్ని మన చేతికిస్తే, ఆ పక్షపాతాన్ని మనం కొలుచుకోగలం. ఇవ్వకపోతే నమ్మడమో నమ్మకపోవడమో తప్ప దారి లేదు. మాడపాటి ఇచ్చాడు. ఆయన సారాంశంతో ఒప్పుకోనివాడు కూడా ఆయన ఇచ్చిన కాగితంతోనే ఆయన్ను ఎదిరించగలడు.

పేరులోని ఆంధ్ర అనే మాట మీద ఈ కాలంలో కొందరికి కినుక. 1921లో ఆ మాటకు తెలుగు మాట్లాడేవాడు అని అర్థం, ఒక రాష్ట్రం పేరు కాదు. తర్వాతి గొడవలను ముందటి పుస్తకం అట్ట మీదికి లాగకూడదు. అంతకన్నా దీని మీద చెప్పడానికేమీ లేదు.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. పొత్తాలతో వెట్టి పోయిందా? పోలేదు. దొరల గడీల్లో గస్తీ చూపినవాడికి జవాబుగా కట్టె వచ్చింది, తిరిగి ఆ గస్తీ ఎవరికి చూపాలి? 1940లలో ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుము తగ్గి, ఊళ్లలోకి పోయి, 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడై, సంఘం అంటే చీటీ కాదు గుతప (కర్ర) అని జనం అనుకున్నాకే గడీ తలుపులు కదిలాయి. భువనగిరిలో మితవాదులు విడిపోయారు, మాడపాటి వాళ్ల పక్షమే. కనుక దర్ఖాస్తు రాజకీయం చేతకానిదని తీర్పు ఇచ్చేవారిని నేను తప్పుపట్టను. కానీ ఒక సంగతి అడుగుతాను. గుతప పట్టినవాడు ఏ మాట చెప్పి పట్టాడు? వెట్టి అన్యాయం అని మాత్రమే కాదు, వెట్టి సర్కారు చట్టంలోనూ లేదు అని. ఆ రెండో మాటను ఊరికి మోసుకొచ్చింది ఈ పొత్తాలే. చట్టం తన పక్షాన ఉందని తెలిసి తిరగబడినవాడికీ, తెలియక తిరగబడినవాడికీ తేడా ఉంటుంది.

అయితే ఈ పద్ధతికి నిజమైన లోపం వేరే ఉంది, దాన్ని కమ్యూనిస్టులకన్నా ముందు మిసిల్ చదివే అలవాటున్నవాడే గుర్తుపట్టాలి. ఈ మిసిల్‌లో సర్కారు మాట ఉంది, సంఘం మాట ఉంది, వకీళ్ల మాట ఉంది. వెట్టి చేసినవాడి గవాయి లేదు. బండి కట్టిన రైతు, సామాను మోసిన మాదిగ, డేరా దగ్గర నీళ్లు తోడిన చాకలామె బోనెక్కరు. వాళ్ల గురించి మాట్లాడతారు, వాళ్లు మాట్లాడరు. కోల్మన్ పుస్తకంలో ఆ హత్యకేసు సాక్షులైన పనిమనుషులూ దారినపోయేవాళ్లూ నోరు విప్పారు, ఎందుకంటే కోర్టు వాళ్లను పిలిచింది. మన దగ్గర పిలిచే కోర్టు లేదని ఇందాక నేనే అన్నాను. అది కారణం కావచ్చు గాని, ఆ ఖాళీ మాత్రం నిండదు. దస్తావేజు ఉన్నవాడి చరిత్రే దస్తావేజు పద్ధతిలో రాయగలం. హనుమకొండ గుమాస్తా కచేరీ గోడల నుంచి నేర్చుకున్న చూపు ఇది, కచేరీ గోడ దాటి చూడటం దానికి రాలేదు.

ఆ మనుషుల పేర్లు వకీళ్ల పుస్తకాల్లోకి వచ్చిన సందర్భం ఒకటుంది, అది వేరే దారిలో వచ్చింది. 1949లో తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడిన రైతులను ప్రత్యేక ట్రిబ్యునలు విచారించి కొందరికి ఉరిశిక్ష వేసింది. హైదరాబాదు హైకోర్టు ఆ ఏడు డిసెంబరులో అప్పీళ్లు కొట్టేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. అప్పుడు సుప్రీంకోర్టు ముందు నిలబడ్డ ప్రశ్న మనుషులు చంపారా లేదా అన్నది కాదు. శిక్ష పడ్డ తేదీ నాటికి హైదరాబాదు కోర్టులు భారతదేశపు కోర్టులేనా, ఆ తీర్పు మీద ఇక్కడ అప్పీలు వినవచ్చా అన్నది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. ప్రత్యేక అనుమతి కుదరదని కోర్టు తేల్చింది. ట్రిబ్యునలు విచారణలో ముద్దాయిలకు వకీలు లేడన్న వాదన మీద 1951లో జస్టిస్ ఫజల్ అలీ తీర్పు రాశాడు. అదీ వాళ్లకు అనుకూలం కాలేదు. ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. జనార్దనరెడ్డి, హైదరాబాదు రాష్ట్రం అనే పేరుతో ఆ కేసు నేటికీ న్యాయ నివేదికల్లో ఉంది, న్యాయ విద్యార్థులు చదువుతారు. వకీలు లేకుండా సాగిన విచారణ చెల్లుతుందా అన్న ప్రశ్న కింద చదువుతారు. ఆ నివేదికలో నల్గొండ, వరంగల్ ఊళ్లలో ఏం జరిగిందో వెతికితే ఎంత దొరుకుతుంది, మాడపాటి మిసిల్‌లో లేనిది ఏమైనా అందులో ఉందా అన్నది వచ్చే భాగంలో ఆ తీర్పునే ముందు పెట్టుకుని చూద్దాం.